మేకులు వంచేవాడి నెత్తురు

ఒక మనిషి నెత్తురు అతని గురించి చెప్పిన మాటను అతనికి తప్ప అందరికీ చెప్పే హక్కు నాకెవరిచ్చారు?

ఆసుపత్రి మెట్ల మీద హతకెదా చిజురు తనకు తాను ఈ ప్రశ్న వేసుకుని ఆగిపోయింది. పరీక్షశాలలో అప్పుడే తీసుకున్న ఫలితం ఆమె చేతిలో ఉంది. కిటికీ అవతల ఉత్తర జపాన్‌లోని హచినోహె రేవు మీద మంచు ఏటవాలుగా పడుతోంది. వేటకు పోని పడవలు ఒకదానికొకటి ఒరుసుకుంటూ ఊగుతున్నాయి. ఆమె ఊపిరితిత్తుల వైద్యురాలు. ఆ వార్డుకు తెల్లకోటుతో వచ్చిన మొదటి ఆడమనిషి కూడా. ఆ రెండో సంగతిని తోటివారు ఆమెను మరచిపోనివ్వరు.

నకుయి సెంకిచి అనే రోగి ఎడమ ఊపిరితిత్తి మొదట్లో నిమ్మకాయంత గడ్డ ఉంది. అది క్యాన్సరన్న విషయంలో తగువు లేదు. ఏ రకమన్నదే తగువు. పొగ తాగేవాళ్ల ఊపిరితిత్తి నడుమ పుట్టేవి ముఖ్యంగా రెండు రకాలు. పొలుసుకణాల రకం సాధారణంగా నిదానంగా పెరుగుతుంది, పుట్టినచోటే చాలాకాలం ఉంటుంది, కత్తికి లొంగుతుంది. చిన్నకణాల రకం అలా కాదు. మనం దాన్ని చూసేసరికే అది ఒళ్లంతా తిరిగి ఉంటుంది. మందులూ కిరణాలే దానికి విరుగుడు. కత్తి దాన్ని అందుకోలేదు.

గొంతులోంచి గొట్టం దించి తీసిన ముక్క పటకారు నోట నలిగిపోయింది. దాన్ని సూక్ష్మదర్శిని కింద చూసిన వైద్యుడు క్యాన్సరేనన్నాడు. పొలుసుకణాల వైపు మొగ్గుతాను గాని ప్రమాణం చేయనన్నాడు. ఆ మొగ్గు చాలనుకుని శస్త్రచికిత్స విభాగం గురువారానికి కత్తులు సిద్ధం చేసుకుంది. ఎడమ ఊపిరితిత్తి మొత్తం తీసేస్తారు.

అయితే కణితులు తమ ఆనవాళ్లను నెత్తుట్లోకి వదులుతాయి. చిన్నకణాల రకం ఎక్కువగా వదిలేవి రెండు, పొలుసుకణాల రకం వదిలేవి మరో రెండు. సెంకిచి నెత్తుట్లో మొదటి రెండూ కట్టు తెంచుకుని ఉన్నాయి. తక్కిన రెండూ బుద్ధిగా హద్దులో ఉన్నాయి. మొదటి జంటలో ప్రో-జీఆర్‌పీ అనేది ఈ మధ్యే వచ్చిన పరీక్ష. పాతకాపులు దానికింకా కుర్చీ వేయలేదు.

చిజురు తొందరపడలేదు. మొదటిసారి తీసిన నెత్తురులో ఎర్రకణాలు పగిలి, తేట గులాబీరంగుకు తిరిగింది. అలా పగిలితే జంటలో రెండోదైన ఎన్‌ఎస్‌ఈ ఉత్తపుణ్యానికే పెరుగుతుంది. అందుకని సన్నసూది వదిలి మంచి నరం చూసి తానే మళ్లీ తీసింది, తానే పరీక్షశాలకు మోసుకుపోయింది. మూత్రపిండాలు చెడినా ప్రో-జీఆర్‌పీ పెరుగుతుంది. సెంకిచి మూత్రపిండాలు నిక్షేపంలా ఉన్నాయి. తప్పు దొర్లే దారులు తనకు తెలిసినన్నీ మూసి చూసింది. ఆ తర్వాత కూడా నెత్తురు మొదటి మాట మీదే నిలబడింది.

సాక్షి ఎంత గట్టిగా చెప్పినా అది తీర్పు కాదు. ఆ సంగతీ ఆమెకు తెలుసు.

ఇక సెంకిచికి తెలిసింది ఒక్కటే. అతని ఊపిరితిత్తిలో బూజు పట్టింది. వైద్యులూ నర్సులూ భార్యా కలసి అతనికి చెప్పిన పేరు అది.

పొద్దుటి సమావేశంలో శస్త్రచికిత్స పెద్ద కుమగాయి టీ కప్పు మీద నుంచి ఆమెను చూశాడు. కప్పు పట్టుకున్న ఆ చెయ్యి ఎందరినో బతికించింది. దాని మీద అతనికున్న నమ్మకం ఊరికే వచ్చింది కాదు.

“ఏంటి హతకెదా, ఇవాళ నెత్తురు జోస్యం ఏం పలికింది?”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

“చిన్నకణాల రకమంటోంది, సెన్సే,” అంది చిజురు, పెద్ద వైద్యులను పిలిచే గౌరవంతో.

“అంటోందా! కాస్త సాకే సారా పట్టించి చూడు, పాట కూడా పాడుతుందేమో.”

“పాడినా పాడకపోయినా, రెండోసారి కూడా అదే మాట చెప్పింది. గురువారం మీరు ఊపిరితిత్తి తీసేశాక అది చిన్నకణాల రకమని తేలితే? ఊపిరీ పోతుంది, జబ్బూ మిగులుతుంది. మందులు తట్టుకునే ఓపిక కూడా ఆయనకుండదు.”

“సరే, నీ మాటే విని కత్తి దించేశాననుకో. అది పొలుసుల రకమని తేలితే? కోస్తే బతికే మనిషిని మందుల్లో నానబెట్టి చంపినవాళ్లమవుతాం. అప్పుడు వాళ్లావిడకి నువ్వు జవాబు చెబుతావా, నీ గాజుగొట్టం చెబుతుందా?”

ఈసారి ఎవరూ నవ్వలేదు. అది ఎకసెక్కెం కాదు, నిజమైన ప్రశ్న. రెండు వైపులా గొయ్యి ఉంది.

“అందుకే ముక్క తేవాలంటున్నాను. ఇంకోసారి గొట్టం దించనివ్వండి.”

“నేనేమన్నా అడ్డం పడుకున్నానా? నలగని ముక్క తీసుకురా. చిన్నకణాలని తేలితే కత్తి నేనే కింద పెడతా, నీకు నమస్కారం కూడా పెడతా. కానీ ఆ ముసలాడు నోరు తెరవనంటున్నాడటగా?”

“మళ్లీ ఎందుకని అడుగుతున్నాడు. మనం బూజని చెప్పాం కాబట్టి అడుగుతున్నాడు. నిజం చెబితే...”

కుమగాయి కప్పు కింద పెట్టాడు.

“ఆ ఊసెత్తకు. వాళ్లావిడకి నేను మాటిచ్చాను. నా హయాంలో ఈ వార్డులో ఏ రోగి చెవినా ఆ పేరు పడలేదు. నీ నోటివెంట పడిందా, నీకిక్కడ పని ఉండదు. ఏ దీవిలోనో కూర్చుని చేపలవాళ్ల జలుబులకి మందులిచ్చుకుందువు గాని. అర్థమైందా?”

“అర్థమైంది, సెన్సే,” అంది చిజురు. అర్థమైందంటే ఒప్పుకున్నట్టు కాదని అక్కడ ఆమెకొక్కదానికే తెలుసు.

సెంకిచి మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పొద్దుటి గంజి ముట్టకుండా తోసేసిన పళ్లెం పక్కనే ఉంది. చిన్నబల్ల మీద మెత్తటి కాగితంలో చుట్టిన ఖరీదైన ఖర్బూజా పండు రాజసంగా కొలువై ఉంది. సెంకిచిది పచింకో హాళ్లలో మేకుల పని. గాజు వెనక ఉక్కుగోళీలు జలజల రాలే ఆ ఆటబల్లల్లో, హాలు మూశాక చిన్న ఇత్తడి సుత్తితో మేకులను వెంట్రుకవాసి వంచడం. ఏ బల్ల పంచిపెట్టాలో ఏ బల్ల మింగాలో ఆ వంపులో ఉంటుంది. నగరంలో ఆ పని అతనంత సన్నగా చేసేవాడు లేడని పేరు.

“మళ్లీ ఆ పామునే మింగమంటారా, డాక్టరమ్మా?”

“ఒక్కసారి, నకుయి గారూ. ఈసారి మత్తు బాగా ఇస్తాను.”

“పోయినసారీ ఇదే పాట. నీళ్లలో తల ముంచి పట్టుకున్నట్టు గింజుకున్నా. నలుగురు పట్టుకున్నారు నన్ను, ఎద్దుకి నాడా కొట్టినట్టు.” అతను దగ్గాడు. దగ్గు తగ్గేదాకా చెయ్యి ఎత్తి ఆమెను ఆగమన్నాడు. “నాకో సంగతి చెప్పండి. బూజన్నారు. మంచిదే. మా స్నానాలగదిలోనూ పడుతుంది బూజు. మా ఆవిడ చూస్తుంది, తిడుతుంది, గీకి పారేస్తుంది. అంతేగానీ ఇది ఏ జాతి బూజో అని మళ్లీ దీపం పట్టుకుని దానికి పెళ్లిచూపులు పెట్టదే! గురువారం ఎలాగూ నిద్రపుచ్చి గీకేస్తారుగా. ఇంకెందుకీ గొట్టం?”

చిజురు దగ్గరున్న జవాబు నిషిద్ధం. తాము కట్టిన అబద్ధంలో తర్కానికి ఎక్కడా చిల్లు లేదు. బూజైతే అతనన్నదే సరైనది. జాలితో పెట్టిన పేరే ఇప్పుడు చికిత్సకు అడ్డంగా గడియ వేసుకుని కూర్చుంది.

“నా పని తెలుసుగా మీకు,” అన్నాడు సెంకిచి గొంతు తగ్గించి. “మేకు వంచినట్టు తెలియకూడదు. గోళీ తనంతట తనే పోయిందనుకోవాలి కూర్చున్నవాడు. వాడి ఖర్మ అనుకోవాలి. నలభై ఏళ్లుగా అదే తిండి నాకు. ఇప్పుడు నా చుట్టూ ఎవరో మేకులు వంచితే నాకు తెలీదంటారా? ఆ పండు చూడండి. పెళ్లయ్యాక మా ఆవిడ నాకు ఖర్బూజా కొనలేదు. ఒక్కటంటే ఒక్కటి. ‘నీ మొహానికి ముల్లంగి చాలు’ అనేది. ఇప్పుడు కొనడమే కాదు, కోసి, గింజలు తీసి, నోట్లో పెడతానంటోంది. నాకు భయం వేయదా చెప్పండి?”

చిజురుకు నవ్వొచ్చింది.

“సూటిగా అడుగుతున్నా. బూజేనా?”

ఎన్నో గదుల్లో ఎన్నోసార్లు పలికిన మాట నాలుక మీద తయారుగా ఉంది. ఆమె ఆపేలోపే అది బయటికి వచ్చేసింది.

“బూజే.”

సెంకిచి ఆమె మొహం కాసేపు చూశాడు. అతని చూపులో కోపం లేదు. పనివాడు కొత్త పనివాడి చేతిపని చూసే తీరు ఉంది.

“బాగానే వంచారు. చెయ్యింకా కొత్త, అంతే.” దుప్పటి లాక్కుని గోడవైపు కాకుండా, కావాలనే ఆమె వైపే తిరిగి పడుకున్నాడు. “అయితే గొట్టం వద్దు. వెళ్లిరండి.”

నడవలో సెంకిచి భార్య తోకి నిలబడి ఉంది. చేపల బజారు నుంచి తిన్నగా వచ్చినట్టుంది. రబ్బరు బూట్ల మీద పొలుసులు ఇంకా మెరుస్తున్నాయి. లోపలి మాటలు విన్నదని ఆమె మొహమే చెప్పింది.

“చల్లగా ఉండమ్మా. మాట నిలబెట్టారు.”

“నన్ను దీవించకండి, తోకి గారూ. గురువారం ఏం చేస్తారో ఆయనకు తెలుసా?”

“కాస్త గీకుతారనుకుంటున్నాడు.”

“లేచాక? సగం ఊపిరి లేదని తెలిశాక?”

“లేచాక చూసుకుంటాం. మా బతుకంతా అంతే. ముందు లేవనివ్వండి.” ఆమె చిజురు కోటు చెంగు పట్టుకుంది. “ఈయన అన్నకి ఇదే జబ్బని చెప్పేశాడమ్మా వాళ్ల ఊరి డాక్టరు, కుండబద్దలు కొట్టినట్టు. ఆ పూట నుంచి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం లేదు, మాట లేదు. జబ్బు ఇంకా దారిలో ఉండగానే ఆ మాట ముందొచ్చి తీసుకుపోయింది. ఈయన కూడా అలా తిరిగి పడుకుంటే నేనేం చెయ్యను?”

“కానీ ఆయన నెత్తురు...”

“మీ నెత్తురు పరీక్ష తప్పు కాదని ప్రమాణం చేస్తారా?”

“చెయ్యను.”

“మరి దేన్ని చూసుకుని ఆయన గుండెల మీద బండ పెడతారు?”

చిజురు నడవ చివరి బల్ల మీద కూర్చుంది. ఎవరైనా చూస్తే డాక్టరు అలసిపోయిందనుకుంటారు. ఆమె లోపల మాత్రం విచారణ మొదలైంది. ముద్దాయి తానే.

దేన్ని చూసుకుని? కుమగాయి నవ్వును చూసుకునా? నేను చెప్పిందే నిజమని ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ల చేత అనిపించుకోవాలనా? ఆ కోరిక తనలో లేదని ఆమె అనుకోలేకపోయింది. ఉంది. బాగానే ఉంది. ఒక ముసలివాడి నిద్రను ఎరవేసి తన గెలుపును పట్టుకోవాలని చూస్తున్నానా అని ప్రశ్నించుకుంది. లోపలి నుంచి అవునని వినబడింది, కాదని కూడా వినబడింది. రెండు గొంతులూ ఒక్కలాగే ఉన్నాయి. గొంతును బట్టి గుర్తుపట్టడం వీలుకాదు. ఇంకో పరీక్ష కావాలి.

అప్పుడామె ఫలితాన్ని తలకిందులుగా ఊహించుకుంది. మొదటి రెండూ హద్దులో ఉన్నాయనుకుందాం. పొలుసుకణాల గుర్తులే పెరిగాయనుకుందాం. నెత్తురూ కుమగాయీ ఒక్కమాట మీదే ఉన్నారనుకుందాం. తగువే లేదు. గొట్టమే అక్కర్లేదు. గురువారం నిర్విఘ్నంగా కోసేస్తారు. తాను గెలవడానికీ ఓడడానికీ అందులో ఏమీ లేదు. ఆ రోజు సెంకిచి ‘బూజేనా?’ అని అడిగితే?

తానేం చేసి ఉండేదో ఆమెకు తెలుసు. బూజే అని, అతని మణికట్టు నిమిరి, బయటికి వచ్చి, మధ్యాహ్నానికి మరచిపోయేది. ఇంతవరకు చేసింది అదే. మరి ఏం చేయాలి అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు అంకెల్లో లేదు. ఏ రకమైనా ఆ గడ్డ అతనిదే. తీసేసే ఊపిరి అతనిది. చిన్నకణాలైతే చెప్పాలి, పొలుసులైతే చెప్పనక్కర్లేదు అనే న్యాయం ఎక్కడా లేదు. నెత్తురు తనకు సాకు ఇచ్చింది, అంతే. సాకు తీసేసినా చేయవలసిన పని చేయవలసినట్టే మిగిలింది.

అంటే ఇది గెలుపు కోసం కాదు. గెలుపు కోరిక పక్కనే కూర్చుని ఉన్నా సరే, ఇది దానికోసం కాదు. కుమగాయి తనను దీవికి పంపితే పంపనీ. అక్కడా ఊపిరితిత్తులుంటాయి.

ఆమె లేచింది. తోకి దగ్గరికి వచ్చి ఆగింది.

“దేన్ని చూసుకుని అన్నారు కదా. దేన్నీ చూసుకుని కాదు. పరీక్ష తప్పైనా చెబుతాను. ఆయన అడిగాడు కాబట్టి చెబుతాను. మీరూ లోపలికి రండి. ఆ మాట ఆయన ఒంటరిగా వినకూడదు.”

“వద్దమ్మా! మీకు దండం పెడతా. పెద్ద డాక్టరుగారు మాటిచ్చారు...”

“ఆయన తన మాట ఇచ్చారు. నా మాట ఇవ్వలేదు.”

తోకి మళ్లీ ఆమె కోటు చెంగు పట్టుకుని వదల్లేదు. చిజురు ఆగలేదు. ఇద్దరూ అలాగే, ఒకరినొకరు లాక్కుంటూ, గదిలోకి వెళ్లారు. చిజురు కుర్చీ లాక్కుని మంచానికి దగ్గరగా కూర్చుంది. ఇందాక నిలబడే అబద్ధమాడింది. ఇది నిలబడి చెప్పే మాట కాదు.

“నకుయి గారూ, ఇందాక నేను మేకు వంచాను. అది బూజు కాదు. క్యాన్సర్.”

తోకి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రేవులో ఏదో పడవ కూత పెట్టి ఆగింది. సెంకిచి కళ్లు మూసుకున్నాడు. మూసి ఉంచాడు. చిజురుకు ఆ క్షణంలో అతని అన్న గుర్తొచ్చాడు, గోడ గుర్తొచ్చింది. చేసింది తప్పేమోనన్న భయం పట్టుకుంది. అయినా కూర్చున్నచోటు నుంచి కదలలేదు.

“ఊఁ,” అన్నాడు చివరికి. కళ్లు తెరిచాడు. అవి తడిగా ఉన్నాయి, చురుగ్గానూ ఉన్నాయి. “ఏమే, ఇలా రా. నలభై ఏళ్లు మేకులు వంచినవాడి పెళ్లానివి. ఇంత మొరటుగానా వంచడం? ఖర్బూజా ఏంటే, ఖర్బూజా!”

“మీ అన్నలా అయిపోతావేమోనని...” తోకి ఏడుస్తూనే అంది.

“వాడా? వాడు ఆటలోనూ అంతే. రెండు గోళీలు పోతే చాలు, బల్లని తిట్టి లేచిపోయేవాడు. నేనెప్పుడన్నా లేచానా? హాలువాడు దీపాలార్పి గెంటితేనే గానీ లేవను. అది తెలిసీ నన్ను వాడితో కలుపుతావా?” అతను చిజురు వైపు తిరిగాడు. “ఇప్పుడు చెప్పండి. గొట్టం ఎందుకు?”

ఆమె చెప్పింది. రెండు రకాలున్నాయని, ఒకటి కత్తికి లొంగుతుందని, రెండోది లొంగదని. నలిగిన ముక్క ఒకవైపు మొగ్గిందని, నెత్తురు ఇంకోవైపు మొగ్గిందని. గురువారం తీసేది గీకుడు కాదని, ఎడమ ఊపిరితిత్తి మొత్తమని. ఏదీ తగ్గించలేదు, ఏదీ పెంచలేదు.

“పెద్ద డాక్టరు ఒకటంటాడు. నా నెత్తురు ఇంకోటంటుంది. మీరు?”

“నాకు తెలీదు. నెత్తురు వైపు మొగ్గుతున్నాను. ప్రమాణం మాత్రం చెయ్యను. ముక్క దొరికితే చాలావరకు తేలుతుంది. ఈసారి కూడా నలిగిపోవచ్చు. అదీ చెబుతున్నాను.”

“ఇప్పుడు మీ చెయ్యి బాగుంది,” అన్నాడు సెంకిచి. దుప్పటి పక్కకి తోశాడు. “నన్ను అడక్కుండా నా సగం ఊపిరి తీసుకుపోదామనుకున్నారన్నమాట. నా ఛాతీ ఏమన్నా వాళ్ల హాలా? ఏ రకమో తేలేదాకా దాని మీద ఎవడి చెయ్యీ పడటానికి వీల్లేదు. తేలాక కూడా, నేను ఊఁ అంటేనే.”

“మత్తివ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. పొద్దున్నుంచి ఏమన్నా తిన్నారా?”

“ఆ గంజిని తిండి అంటారా? ముట్టలేదు.”

చిజురు గోడకున్న ఫోను ఎత్తి గొట్టం గదికి చెప్పింది. గది ఖాళీగా ఉందన్నారు. ఇప్పుడే వస్తున్నామంది. తోకి కళ్లు తుడుచుకుని, భర్త కాళ్లకు చెప్పులు తొడగబోయింది. అతను ఆమె చెయ్యి తోసి తానే తొడుక్కున్నాడు. తర్వాత అదే చెయ్యి పట్టుకుని లేచాడు.

నడవ మలుపులో కుమగాయి ఎదురయ్యాడు. వెనక అతని శిష్యులు వరసగా ఉన్నారు. ఎవరి మొహాన్ని చూసి గ్రహించాడో, అతని చూపు తోకి కళ్ల మీద ఆగి, అక్కడి నుంచి చిజురు మీదికి వచ్చింది.

“ఎక్కడికి తీసుకెళ్తున్నావు?”

చిజురు నోరు తెరిచేలోపు సెంకిచి ఒక అడుగు ముందుకు వేశాడు. దగ్గు వచ్చింది, దిగమింగాడు. ఆ వార్డులో ఎవరూ పలకని మాటను అటూ ఇటూ గదులన్నిటికీ వినబడేలా పలికాడు.

“నాది ఏ రకం క్యాన్సరో తేల్చుకోవడానికి పోతున్నా, సెన్సే. ఈవిడ తీసుకెళ్లడం లేదు, నేనే వెళ్తున్నా. దారివ్వండి.”

శిష్యులు తలలు వంచుకున్నారు. తలుపు సందుల్లోంచి రోగుల మొహాలు ఒకటొకటిగా బయటికి వచ్చాయి. కుమగాయి పక్కకు జరగలేదు, అడ్డమూ రాలేదు. ఉన్నచోటే నిలబడ్డాడు. సెంకిచి అతని పక్కనుంచి, భుజం రాసుకునేంత దగ్గరగా నడిచిపోయాడు.

చిజురు ముందుకు వెళ్లి గొట్టం గది తలుపు తోసి పట్టుకుంది. సెంకిచి లోపలికి వెళ్లి బల్ల ఎక్కాడు. ఎవరూ చెప్పకుండానే తల వెనక్కి వాల్చి, నోరు తెరిచాడు.